కేవీఎంలో విండోస్ 11 గెస్ట్: ఇన్‌స్టాల్ నొక్కకముందే తేల్చుకోవాల్సినవి

లినక్స్‌లోనే ఉన్న వర్చువల్ మెషిన్ సదుపాయమైన కేవీఎంతో విండోస్ 11ని గెస్ట్‌గా, అంటే హోస్ట్ అనే అసలు మెషిన్ లోపల నడిచే ఉత్తుత్తి మెషిన్‌గా పెట్టి, మౌస్ ఈడుస్తోందని, డిస్క్ కదలడం లేదని, ఖాళీగా ఉన్నా ఫ్యాన్ తిరుగుతోందని విసుగెత్తి తీసేసేవాళ్లు చాలామంది ఉన్నారు. చాలావరకు తప్పు విండోస్‌ది కాదు, కేవీఎంది అంతకన్నా కాదు. గెస్ట్ కోసం మనం కూర్చిపెట్టిన ఉత్తుత్తి హార్డ్‌వేర్‌ది. ఫర్మ్‌వేర్, చిప్‌సెట్, డిస్క్ బస్, సీపీయూ అమరిక అనే ఈ నాలుగింటినీ ముందే సరిగ్గా పెట్టుకుంటే కాసేపటి పని. తర్వాత మార్చాలంటే కొన్ని కుదరవు, కొన్ని బ్లూ స్క్రీన్ చూపించి గానీ కుదరవు. అందుకే ఈ గైడ్‌లో పెద్ద భాగం ఇన్‌స్టాల్ మొదలవడానికి ముందు పనులే.

హోస్ట్‌గా డెబియన్ లేదా ఉబుంటు, దాని మీద గెస్ట్ హార్డ్‌వేర్‌ని అనుకరించే క్యూఎము, కేవీఎం, వాటిని నిర్వహించే లిబ్‌వర్ట్, ముందువైపు మనకి కనిపించే వర్ట్-మేనేజర్ అనుకుని రాసినది ఇది. ఫెడోరాలో ప్యాకేజీల పేర్లు, కొన్ని ఫైళ్లు ఉండే చోట్లు మారతాయి, పద్ధతి అదే.

హోస్ట్ సిద్ధమేనా

కేవీఎం 2007లో 2.6.20 కెర్నల్‌తోనే లినక్స్‌లో కలిసిపోయింది. కాబట్టి దాన్ని విడిగా తెచ్చుకునే పనిలేదు. కావాల్సిందల్లా ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉండటం. ‘/డెవ్/కేవీఎం’ అనే ఫైల్ ఉందో లేదో చూడండి. ఉంటే సరే. లేకపోతే మెషిన్‌ని రీస్టార్ట్ చేసి బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లాలి. ఇంటెల్ బోర్డుల్లో ‘ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ’ అని, ఏఎండీ బోర్డుల్లో ‘ఎస్‌వీఎం మోడ్’ అని ఉంటుంది. ఏఎండీ బోర్డుల్లో దీన్ని తరచూ ఓవర్‌క్లాకింగ్ మెనూ లోపల ఎక్కడో దాచిపెడతారు, కాస్త వెతకాలి. పక్కనే కనిపించే వీటీ-డీ, ఐఓఎంఎంయూ వేరు. అవి గ్రాఫిక్స్ కార్డు లాంటి అసలు పరికరాన్ని నేరుగా గెస్ట్‌కి అప్పగించడానికి. ఇక్కడ వాటితో పనిలేదు.

ఈ స్విచ్ ఆఫ్‌లో ఉన్నా వర్ట్-మేనేజర్ వీఎంని (వర్చువల్ మెషిన్‌ని) తయారుచేయనిస్తుంది, అదే తిరకాసు. కేవీఎం అందుబాటులో లేదని పసుపు గుర్తుతో చిన్న హెచ్చరిక చూపించి, గెస్ట్ ప్రాసెసర్ మొత్తాన్ని సాఫ్ట్‌వేర్‌తో అనుకరిస్తూ నడిపేస్తుంది. విండోస్ బూట్ అవడానికే బోలెడంత సమయం పడుతుంది. ఆ పసుపు గుర్తు కనిపిస్తే ముందుకెళ్లకండి.

అదే మెషిన్‌లో వర్చువల్‌బాక్స్ కూడా వాడేవాళ్లకి ఇంకో మాట. 6.12 కెర్నల్ నుంచి కేవీఎం మాడ్యూల్ లోడ్ అవగానే ప్రాసెసర్ వర్చువలైజేషన్‌ని తన చేతిలోకి తీసుకుంటోంది. అంతకుముందు ఏదైనా గెస్ట్ మొదలైనప్పుడే తీసుకునేది. ఫలితంగా ఒక్క కేవీఎం గెస్ట్ కూడా నడవకపోయినా వర్చువల్‌బాక్స్ మొరాయించవచ్చు. రెండింట్లో ఏదో ఒకదానికి కట్టుబడటం మంచిది.

ప్యాకేజీలు ఇవి: క్యూఎము-సిస్టమ్-ఎక్స్86, లిబ్‌వర్ట్-డీమన్-సిస్టమ్, వర్ట్-మేనేజర్, ఓవీఎంఎఫ్, ఎస్‌డబ్ల్యూటీపీఎం, ఎస్‌డబ్ల్యూటీపీఎం-టూల్స్. ఓవీఎంఎఫ్ గెస్ట్‌కి ఫర్మ్‌వేర్. చివరి రెండూ మర్చిపోతే టీపీఎం (తాళాలు దాచే భద్రతా చిప్) దగ్గర ఆగిపోతారు. మీ యూజర్‌ని ‘లిబ్‌వర్ట్’ గ్రూపులో చేర్చి, ఒకసారి లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవండి. చేరిన గ్రూపు ఆ తర్వాతే పనిచేస్తుంది.

రెండు ఐఎస్ఓలు (సీడీ ఇమేజ్ ఫైళ్లు) కావాలి. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ 11ది, ఫెడోరా ప్రాజెక్టు అందించే ‘వర్ట్ఐఓ-విన్’ డ్రైవర్లది. రెండింటినీ ‘/వార్/లిబ్/లిబ్‌వర్ట్/ఇమేజెస్’లో పెట్టండి. మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే ఉంచితే ‘పర్మిషన్ డినైడ్’ రావచ్చు. ఎందుకంటే గెస్ట్‌ని నడిపే క్యూఎము ప్రాసెస్ మీ పేరు మీద నడవదు, దానికని ఉన్న వేరే యూజర్ పేరు మీద నడుస్తుంది. ఆ యూజర్‌కి మీ హోమ్ ఫోల్డర్‌లోకి దారి ఉండదు.

ఎంత ఇవ్వాలి

విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ పెట్టిన కనీస అర్హత 4 జీబీ మెమరీ, 64 జీబీ డిస్క్, రెండు కోర్లు, సెక్యూర్ బూట్ (సంతకమున్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానివ్వడం) చేయగల యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్, టీపీఎం 2.0. ఇందులో 4 జీబీ మెమరీ అనేది ఇన్‌స్టాల్ అవడానికి సరిపోతుంది, వాడుకోవడానికి కాదు. హోస్ట్‌లో 16 జీబీ ఉంటే గెస్ట్‌కి 8 జీబీ ఇవ్వండి. హోస్ట్‌లో మొత్తం ఉన్నదే 8 జీబీ అయితే గెస్ట్‌కి 4 ఇచ్చి, అది నడిచేటప్పుడు హోస్ట్ బ్రౌజర్‌ని మూసేయడం తప్పదు.

గెస్ట్‌కి ఎక్కువ ఇచ్చేస్తే వేగం పెరుగుతుందనుకుని హోస్ట్‌ని మాడ్చేస్తే ఇద్దరికీ నష్టమే. మెమరీ చాలక హోస్ట్ స్వాప్‌లోకి దిగిందంటే గెస్ట్ పేజీలు కూడా డిస్క్ మీదికి వెళ్తాయి. లోపలి విండోస్‌కి ఆ సంగతి తెలియదు. తన దగ్గర మెమరీ ఖాళీగా ఉందనే అనుకుంటూ ఉంటుంది, టాస్క్ మేనేజర్‌లోనూ అలాగే చూపిస్తుంది. ఇంకా ముదిరితే హోస్ట్ కెర్నల్ అన్నిటికన్నా ఎక్కువ మెమరీ తింటున్న ప్రాసెస్‌ని చంపేస్తుంది. చాలాసార్లు అది మన క్యూఎమునే అవుతుంది. గెస్ట్ విండో ఏ ఎర్రరూ లేకుండా చటుక్కున మాయమైతే హోస్ట్ కెర్నల్ లాగ్‌లో ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అనే మాట కోసం వెతకండి.

డిస్క్‌కి 100 జీబీ పెట్టుకోండి. క్యూకౌ2 ఫార్మాట్‌లో ఫైల్ మొదట్లో చిన్నగా ఉండి, గెస్ట్ రాసినకొద్దీ పెరుగుతుంది కాబట్టి అంకె పెద్దదైనంత మాత్రాన వెంటనే చోటు పోదు.

అసలు పని: ‘కస్టమైజ్’ పేజీ

వర్ట్-మేనేజర్‌లో కొత్త వీఎం మొదలుపెట్టి విండోస్ ఐఎస్ఓ చూపించగానే అది ‘మైక్రోసాఫ్ట్ విండోస్ 11’ అని దానంతటదే గుర్తుపట్టాలి. పట్టకపోతే టిక్ తీసేసి మీరే ఎంచుకోండి. ఇదేదో పేరుకి అడిగేది కాదు. గెస్ట్ గడియారాన్ని స్థానిక సమయంలో నడపాలా యూటీసీలో నడపాలా, విండోస్‌కి పనికొచ్చే హైపర్-వీ (మైక్రోసాఫ్ట్ సొంత వర్చువల్ మెషిన్ వ్యవస్థ) సదుపాయాలు చూపించాలా వద్దా అన్నవి ఈ ఎంపికని బట్టే నిర్ణయమవుతాయి. ‘జెనెరిక్’ అని వదిలేస్తే బూట్ చేసిన ప్రతిసారీ విండోస్ టైము కొన్ని గంటలు తేడా చూపిస్తుంది.

మెమరీ, సీపీయూ, డిస్క్ అంకెలు ఇచ్చాక చివరి పేజీలో ‘కస్టమైజ్ కాన్ఫిగరేషన్ బిఫోర్ ఇన్‌స్టాల్’ అనే చిన్న టిక్ బాక్స్ ఉంటుంది. దాన్ని తప్పకుండా పెట్టండి. ఆ తర్వాత తెరుచుకునే పేజీలోనే అంతా ఉంది.

‘ఓవర్‌వ్యూ’లో చిప్‌సెట్ క్యూ35గా, ఫర్మ్‌వేర్ సెక్యూర్ బూట్ ఉన్న యూఈఎఫ్ఐగా ఉండాలి. జాబితాలో ఓవీఎంఎఫ్ ఫైళ్లు నాలుగైదు కనిపిస్తాయి. పేరులో ‘ఎంఎస్’ అని ఉన్నది ఎంచుకోండి. మైక్రోసాఫ్ట్ సంతకపు కీలు ముందే ఎక్కించి ఉన్నది అదే. మిగతావాటిలో సెక్యూర్ బూట్ లేకపోవచ్చు, లేదా కీలు మీరే ఎక్కించుకోవాల్సి రావచ్చు. ఇంకో చిప్‌సెట్ ఐ440ఎఫ్ఎక్స్ 1996 నాటి డిజైన్, దానికి పీసీఐ ఎక్స్‌ప్రెస్ తెలియదు. ఒకసారి ఇన్‌స్టాల్ మొదలయ్యాక ఈ రెండు గడులనీ వర్ట్-మేనేజర్ మార్చనివ్వదు.

ఇప్పుడు సీపీయూ. మొదట ‘హోస్ట్-పాస్‌త్రూ’ ఎంచుకోండి, అప్పుడు మీ ప్రాసెసర్‌కి ఉన్న సామర్థ్యాలన్నీ గెస్ట్‌కీ కనిపిస్తాయి. ఈ గెస్ట్‌ని రేపు వేరే ప్రాసెసర్ ఉన్న మెషిన్‌కి ఆపకుండా తరలించాలన్న ఆలోచన ఉంటేనే ఇది వద్దు.

ఆ కిందే ‘టోపాలజీ’ ఉంది. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. నాలుగు వీసీపీయూలు (గెస్ట్‌కి కనిపించే ఉత్తుత్తి ప్రాసెసర్లు) ఇచ్చి టోపాలజీని ముట్టుకోకపోతే, లిబ్‌వర్ట్ ఆ నాలుగింటినీ నాలుగు వేర్వేరు సాకెట్లుగా చూపించవచ్చు. అంటే నాలుగు విడి ప్రాసెసర్లు బిగించిన సర్వర్ బోర్డు అన్నమాట. విండోస్ హోమ్ ఒక్క సాకెట్‌నే వాడుకుంటుంది, ప్రో రెండింటిని. మీరు నాలుగిచ్చినా హోమ్ ఒంటి కోర్‌తో ఈడుస్తూ ఉంటుంది. హోస్ట్‌లో చూస్తే మూడు వీసీపీయూలు పనిలేక ఖాళీగా ఉంటాయి, గెస్ట్‌లో చూస్తే సీపీయూ 100 శాతం. కాబట్టి ‘మాన్యువల్లీ సెట్’ టిక్ చేసి 1 సాకెట్, 4 కోర్లు, 1 థ్రెడ్ అని ఇవ్వండి. ఇన్‌స్టాల్ అయ్యాక టాస్క్ మేనేజర్ పెర్ఫార్మెన్స్ పేజీలో ‘సాకెట్స్ 1’ అని ఉందో లేదో చూస్తే తేలిపోతుంది. అదృష్టవశాత్తూ దీన్ని తర్వాతైనా మార్చుకోవచ్చు.

డిస్క్ బస్‌ని ‘సాటా’ నుంచి ‘వర్ట్ఐఓ’కి మార్చండి. సాటాలో క్యూఎము ఒక అసలు కంట్రోలర్‌ని రిజిస్టర్లతో సహా అనుకరించాలి. వర్ట్ఐఓలో అలాంటి నటన ఏమీ ఉండదు, తాను గెస్ట్‌నని తెలిసిన డ్రైవర్ నేరుగా క్యూల ద్వారా హోస్ట్‌తో మాట్లాడుకుంటుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో క్యాష్ మోడ్ ‘నన్’, డిస్కార్డ్ మోడ్ ‘అన్‌మ్యాప్’ పెట్టండి. క్యాష్ ‘నన్’ అంటే అసలు క్యాష్ లేదని కాదు. ఒకే డేటా గెస్ట్ మెమరీలోనూ హోస్ట్ పేజీ క్యాష్‌లోనూ రెండుసార్లు కూర్చోకుండా ఆపడం. ‘అన్‌మ్యాప్’ ఉంటే గెస్ట్‌లో తీసేసిన ఫైళ్ల చోటు హోస్ట్‌కి తిరిగి వస్తుంది, లేకపోతే క్యూకౌ2 ఫైల్ పెరగడమే గానీ తగ్గడం ఉండదు. ‘అన్‌సేఫ్’ అనే మోడ్ కూడా జాబితాలో ఉంటుంది, వేగంగానే ఉంటుంది. కరెంటు పోయిన రోజు దాని పేరు ఎందుకలా పెట్టారో తెలుస్తుంది.

హోస్ట్ ఫైల్‌సిస్టమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయితే ఒక అదనపు పని ఉంది. అది ప్రతి రాతనీ కొత్త చోట రాస్తుంది కాబట్టి వీఎం డిస్క్ ఫైల్ ముక్కలు ముక్కలవుతుంది. డిస్క్ తయారు చేయకముందే ఇమేజెస్ ఫోల్డర్‌కి ‘సీహెచ్ఆటర్’ కమాండ్‌తో నో-కౌ (కొత్త చోట రాయొద్దనే) గుర్తు పెట్టండి. ఆ తర్వాత పుట్టిన ఫైళ్లకే అది వర్తిస్తుంది.

నెట్‌వర్క్ కార్డు మోడల్ కూడా ‘వర్ట్ఐఓ’నే. తర్వాత ‘యాడ్ హార్డ్‌వేర్’లో టీపీఎం ఉందో లేదో చూసి, లేకపోతే ‘ఎమ్యులేటెడ్’, సీఆర్‌బీ మోడల్, వెర్షన్ 2.0గా చేర్చండి. అక్కడే ‘స్టోరేజ్’ కింద రెండో సీడీరామ్ చేర్చి దానికి వర్ట్ఐఓ-విన్ ఐఎస్ఓ తగిలించండి. ‘టాబ్లెట్’ అనే ఇన్‌పుట్ పరికరం ఉంటే దాన్ని తీసేయకండి. కర్సర్ గెస్ట్ విండోలోకి వెళ్లి ఇరుక్కోకుండా, హోస్ట్ కర్సర్‌తో సరిగ్గా కలిసి కదిలేది దానివల్లే.

ఇన్‌స్టాల్ మొదలయ్యాక

‘బిగిన్ ఇన్‌స్టలేషన్’ నొక్కిన వెంటనే గెస్ట్ విండోలో ఒకసారి క్లిక్ చేసి, ఏదో ఒక కీ కొడుతూ ఉండండి. ‘సీడీ నుంచి బూట్ చేయడానికి ఏదైనా కీ నొక్కండి’ అనే లైను కొద్ది సెకన్లే ఉంటుంది. అది దాటిపోతే ఫర్మ్‌వేర్ నెట్‌వర్క్ బూట్‌కి ప్రయత్నించి, చివరికి నల్ల తెర మీద యూఈఎఫ్ఐ షెల్‌లో తేలుతుంది. ఐఎస్ఓ పాడైందని మళ్లీ దించుకోకండి, వీఎంని ‘ఫోర్స్ రీసెట్’ చేసి ఈసారి ముందే కీ కొట్టండి.

డిస్క్ ఎంచుకునే పేజీకి వచ్చేసరికి జాబితా ఖాళీగా ఉంటుంది. ఇది ఎర్రర్ కాదు. విండోస్‌లో వర్ట్ఐఓ డ్రైవర్ ఉండదు కాబట్టి దానికి డిస్క్ కనపడదు. ‘లోడ్ డ్రైవర్’, ‘బ్రౌజ్’ నొక్కి, రెండో సీడీలో ‘వియోస్టోర్’ ఫోల్డర్, దాని లోపల ‘డబ్ల్యూ11’, దాని లోపల ‘ఏఎండీ64’ చూపించండి. మీది ఇంటెల్ ప్రాసెసర్ అయినా ఇదే ఫోల్డర్, ఆ పేరు 64-బిట్ నిర్మాణానిది. డిస్క్ కనపడగానే ముందుకు పోకుండా, అదే పద్ధతిలో ‘నెట్‌కేవీఎం’ ఫోల్డర్ నుంచి నెట్‌వర్క్ డ్రైవర్ కూడా ఎక్కించండి. విండోస్ 11 మొదటి సెటప్ ఇంటర్నెట్ లేనిదే కదలదు. ఈ డ్రైవర్ లేకపోతే నెట్‌వర్క్ అడిగే పేజీ దగ్గర బండి ఆగిపోతుంది.

డెస్క్‌టాప్ వచ్చాక ఆ సీడీ మొదటి ఫోల్డర్‌లోనే ఉన్న ‘వర్ట్ఐఓ-విన్-గెస్ట్-టూల్స్’ నడిపి రీస్టార్ట్ చేయండి. మిగిలిన డ్రైవర్లు, స్క్రీన్ సైజు మారడానికీ కాపీ-పేస్ట్‌కీ కావాల్సిన స్పైస్ ఏజెంట్, హోస్ట్ మాట వినే గెస్ట్ ఏజెంట్ అన్నీ దీంతోనే వస్తాయి. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తులేవీ మిగలకూడదు.

సాటాతో ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసేసి ఉంటే

నేరుగా బస్ మార్చేస్తే విండోస్ బూట్ మధ్యలో ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని బ్లూ స్క్రీన్ ఇస్తుంది. డ్రైవర్ డిస్క్‌లో ఉన్నా, బూట్ సమయంలో లోడ్ చేయాల్సిన జాబితాలో ఉండదు. దీనికి దారి ఉంది. గెస్ట్‌కి వర్ట్ఐఓ బస్ మీద 1 జీబీ ఖాళీ డిస్క్ ఒకటి అదనంగా తగిలించి బూట్ చేయండి. విండోస్ ఆ కొత్త పరికరాన్ని చూసి డ్రైవర్ అడుగుతుంది, గెస్ట్-టూల్స్‌తో ఎక్కించండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ చిన్న డిస్క్ కనిపించిందని నిర్ధారించుకున్నాక షట్‌డౌన్ చేసి, అసలు డిస్క్ బస్‌ని వర్ట్ఐఓకి మార్చి, చిన్నదాన్ని తీసేయండి. బూట్ వరుసలో అసలు డిస్క్‌కి టిక్ ఉందో లేదో కూడా చూసుకోండి, బస్ మారినప్పుడు అది పోతూ ఉంటుంది.

ఊరకే ఉన్నా సీపీయూ తినేస్తుంటే

గెస్ట్‌లో ఏమీ నడవకపోయినా హోస్ట్‌లో క్యూఎము ప్రాసెస్ 20, 30 శాతం చూపిస్తుంటే ముందు అనుమానించాల్సింది టైమర్లని. విండోస్ మాటిమాటికీ గడియారం చూస్తుంది. అనుకరించిన గడియారమైతే చూసిన ప్రతిసారీ గెస్ట్ నుంచి హోస్ట్‌లోకి ఒక ప్రయాణం. హైపర్-వీ టైమర్లు చూపిస్తే ఆ ప్రయాణాలు చాలావరకు తగ్గుతాయి. వర్ట్-మేనేజర్ ‘ప్రిఫరెన్సెస్’లో వీఎం అమరికలుండే ఎక్స్‌ఎంఎల్‌ని మార్చనిచ్చే ఎక్స్‌ఎంఎల్ ఎడిటింగ్ ఆన్ చేసి, ‘హైపర్‌వీ’ భాగంలో వీపీఇండెక్స్, సినిక్, ఎస్‌టైమర్ మూడూ, ‘క్లాక్’ భాగంలో హైపర్‌వీక్లాక్ టైమర్ ఆన్‌లో ఉన్నాయా చూడండి. ఎస్‌టైమర్ మిగతా మూడింటి మీద ఆధారపడుతుంది, ఒక్కదాన్నే పెడితే గెస్ట్ మొదలవకపోవచ్చు. క్లాక్ భాగంలోనే హెచ్‌పీఈటీ అనే టైమర్ ‘నో’గా ఉండాలి.

రెండో అనుమానం విండోస్‌లోని మెమరీ ఇంటిగ్రిటీ అనే భద్రతా సదుపాయం మీద. హోస్ట్-పాస్‌త్రూలో గెస్ట్‌కి వర్చువలైజేషన్ కూడా కనిపిస్తుంది కాబట్టి, విండోస్ తన భద్రత కోసం లోపల తన సొంత హైపర్‌వైజర్‌ని (వర్చువల్ మెషిన్లని నడిపే పొరని) నడపడం మొదలుపెట్టవచ్చు. అంటే హైపర్‌వైజర్ లోపల హైపర్‌వైజర్. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో ‘వర్చువలైజేషన్-బేస్డ్ సెక్యూరిటీ: రన్నింగ్’ అని ఉంటే సంగతి అదే. గెస్ట్‌లో డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్ లోపల లినక్స్ నడిపే సదుపాయం) వాడేవాళ్లకి ఇది కావాలి. అక్కర్లేనివాళ్లు ఎక్స్‌ఎంఎల్ సీపీయూ భాగంలో వీఎంఎక్స్ ఫీచర్‌ని, ఏఎండీలో అయితే ఎస్‌వీఎంని, ‘డిజేబుల్’ చేసుకోవచ్చు. వేగం పెరుగుతుంది, ఒక భద్రతా పొర పోతుంది. బయటి ఫైళ్లు తెరిచి పరీక్షించడానికి పెట్టుకున్న గెస్ట్ అయితే ఆ పొరని ఉంచడమే మేలు.

నెట్‌వర్క్

డిఫాల్ట్‌గా ఉండేది నాట్, అంటే గెస్ట్ హోస్ట్ చిరునామా వెనక నుంచి బయటికి వెళ్లే పద్ధతి. గెస్ట్‌కి 192.168.122 తో మొదలయ్యే చిరునామా వస్తుంది, బయటికి వెళ్లగలదు, బయటివాళ్లు లోపలికి రాలేరు. ఎక్కువమందికి ఇది చాలు. ‘నెట్‌వర్క్ డిఫాల్ట్ ఈజ్ నాట్ యాక్టివ్’ అని వస్తే కనెక్షన్ డీటెయిల్స్‌లోకి వెళ్లి దాన్ని స్టార్ట్ చేసి, ‘ఆటోస్టార్ట్’ టిక్ పెట్టండి.

ఇతర మెషిన్లు గెస్ట్‌ని నేరుగా చేరాలంటే గెస్ట్‌ని హోస్ట్ ఉన్న నెట్‌వర్క్‌లోనే కలిపే బ్రిడ్జ్ కావాలి, బ్రిడ్జ్‌కి ఈథర్నెట్ తీగ కావాలి. వైఫై మీద మామూలు బ్రిడ్జ్ పనిచేయదు. తనతో కనెక్ట్ అయిన మాక్ చిరునామా (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) నుంచి వచ్చే ప్యాకెట్లనే యాక్సెస్ పాయింట్ ఒప్పుకుంటుంది, గెస్ట్‌కున్న కొత్త మాక్ నుంచి వచ్చేవాటిని పారేస్తుంది. బ్రిడ్జ్ కట్టడం బద్ధకమై, గెస్ట్‌ని నేరుగా హోస్ట్ నెట్‌వర్క్ కార్డుకే తగిలించే మాక్‌వీట్యాప్ ఎంచుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది: అందులో గెస్ట్ ప్రపంచమంతటితో మాట్లాడుతుంది, సొంత హోస్ట్‌తో తప్ప. అది బగ్ కాదు, దాని నిర్మాణమే అంత.

కాపీ, బ్యాకప్, తరలింపు

గెస్ట్ నడుస్తుండగా క్యూకౌ2 ఫైల్‌ని కాపీ చేస్తే వచ్చేది బ్యాకప్ కాదు. మొదటి భాగం ఒక క్షణానిది, చివరి భాగం పది నిమిషాల తర్వాతది అవుతుంది. షట్‌డౌన్ చేసే కాపీ చేయండి. స్నాప్‌షాట్ కూడా బ్యాకప్ కాదు, అది అదే డిస్క్ మీద ఉంటుంది.

గెస్ట్ డిస్క్‌ని హోస్ట్‌లో మౌంట్ చేసి ఫైళ్లు మార్చాలనుకుంటే ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే ‘షట్‌డౌన్’ అన్నది పూర్తి షట్‌డౌన్ కాదు, కెర్నల్ స్థితి డిస్క్‌లో దాచి నిద్రపోవడం. అలాంటి ఎన్‌టీఎఫ్ఎస్‌లో బయటి నుంచి రాస్తే ఫైల్‌సిస్టమ్ చెడుతుంది.

ఇంకో మెషిన్‌కి మార్చేటప్పుడు డిస్క్ ఫైల్ ఒక్కటే పట్టుకెళ్తే చాలదు. వీఎం ఎక్స్‌ఎంఎల్, ‘/వార్/లిబ్/లిబ్‌వర్ట్/క్యూఎము/ఎన్‌వీరామ్’లో ఉన్న ఫర్మ్‌వేర్ స్థితి, ‘/వార్/లిబ్/లిబ్‌వర్ట్/ఎస్‌డబ్ల్యూటీపీఎం’లో ఈ వీఎం యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) పేరుతో ఉన్న ఫోల్డర్, ఈ మూడూ కూడా వెళ్లాలి. యూయూఐడీ, మాక్ చిరునామా మారనివ్వకండి, మారితే విండోస్ యాక్టివేషన్ ఊడిపోవచ్చు. టీపీఎం ఫోల్డర్ వదిలేస్తే ఇంకా పెద్ద చిక్కు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయిన విండోస్ 11, డిస్క్‌ని మీరు అడగకుండానే ఎన్‌క్రిప్ట్ చేసి ఉండవచ్చు. తాళం టీపీఎంలో ఉంటుంది. కొత్త చోట ఖాళీ టీపీఎం కనపడగానే నీలి తెర మీద 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. గెస్ట్‌ని కదిపే ముందే ఆ కీ ఎక్కడుందో చూసి, వీఎంకి బయట రాసి పెట్టుకోండి. అక్కర్లేదనుకుంటే సెట్టింగుల్లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, డిక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు షట్‌డౌన్ చేయండి.